ఆట లేని క్లచ్

ఆ రేడియోగాడు ఆ రోజు ఒక్క తిట్టు తిట్టి ఉంటే వ్యవహారం ఇంతదాకా వచ్చేది కాదు. టర్నరు ఈ మాట ఇప్పటికీ అంటాడు. ఎవరితోనంటే, ఎవరితోనూ కాదు. లేత్ మిషను ముందు నిలబడి, గిర్రున తిరుగుతున్న ఇనపచువ్వతో అంటాడు.

"తిట్టొచ్చుగా? నోరు లేదా? ఊరందరి చెవులూ తినేసే నోరు నా దగ్గరికొచ్చేసరికి పడిపోయిందా?"

చువ్వ జవాబు చెప్పదు. మెలికలు మెలికలుగా రజను రాల్చుకుంటూ తన మానాన తను సన్నబడుతుంది.

రేడియో అంటే టర్నరు బావమరిది. భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. పుట్టినప్పుడు మొదలెట్టిన ఏడుపు మాటలు వచ్చాకే ఆపాడనీ, ఆ మాటలు మాత్రం ఇంతవరకూ ఆపలేదనీ వాళ్లక్క నవ్వుతూ చెప్పేది. ఆ పేరు పెట్టింది కూడా ఆవిడే. పెద్దయ్యాక మందుల కంపెనీలో చేరాడు. సంచీ భుజాన వేసుకుని డాక్టర్ల చుట్టూ తిరిగి, ఏ మందు ఎందుకు మంచిదో చెప్పే పని. మాట్లాడితే జీతమిచ్చే చోటు ఒకటి ఉందని తెలిసి వీడు వెతుక్కుంటూ వెళ్లి ఉంటాడని టర్నరు అనుకునేవాడు. పెళ్లి కాలేదు.

"ఎదుటి మనిషికి వంతు రాదని తెలిసి ఏ పిల్లా ఒప్పుకోలేదు" అనేవాడు టర్నరు.

"ఇంట్లో మూగబావ ఒకడున్నాడుగా, లెక్క సరిపోయిందిలే అని నేనే వద్దన్నా" అనేవాడు రేడియో.

టర్నరు నిజంగానే మాటలు తక్కువ మనిషి. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి లేత్ ముందు నిలబడినవాడు, తల నెరిసినా అక్కడే నిలబడి ఉన్నాడు. కింద షెడ్డు, పైన ఒకే ఒక గది, మధ్యలో నిచ్చెనలాంటి నిటారు ఇనప మెట్లు. షెడ్డు వెనక కొంచెం ఖాళీ జాగా, అందులో ఒక పాత బావి. ఇదీ ఆయన ఆస్తి. భార్యకు ఆ ఖాళీ జాగా మీద ఒక ఆలోచన ఉండేది.

"ఏవండీ, అక్కడ వాడికో గది వేద్దామండీ. నేలమీదే. ముసలాడయ్యాక ఈ మెట్లు ఎక్కలేడు. పెళ్లాం లేదు, పిల్లలు లేరు. మనం కాకపోతే ఎవరు చూస్తారు?"

"చూద్దాం" అనేవాడు టర్నరు.

ఆ "చూద్దాం" అలా ఉండగానే ఆవిడ జబ్బుపడి పోయింది. చుట్టాలు వచ్చారు, రెండు మంచి మాటలు చెప్పారు, వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆ మెట్లు ఎక్కి పైకి వచ్చిన మనిషి ఒక్క రేడియోనే. ప్రతి ఆదివారం వచ్చేవాడు. అక్క కుర్చీలో కూర్చునేవాడు కాదు, కిటికీ గట్టు మీద కూర్చునేవాడు. వారమంతా పోగుచేసిన కబుర్లన్నీ కుమ్మరించి, టీ తాగి పోయేవాడు. టర్నరు మొత్తం మీద పది మాటలు మాట్లాడితే గొప్ప. కానీ శనివారం రాత్రే కిటికీ గట్టు తుడిచి పెట్టుకునేవాడు.

అలాంటి ఒక ఆదివారం సందు మొదట్లో ఏదో కొత్త చప్పుడు మొదలైంది. ముందు బొంగురు గొంతుతో గుర్రుగుర్రుమని ఇంజను. అది షెడ్డు ముందుకొచ్చి నెమ్మదించగానే, రేకుడబ్బాలో గుప్పెడు మేకులు పోసి ఊపినట్టు గలగలగల. టర్నరు బయటికొచ్చి చూస్తే, ఎర్రగా నిగనిగలాడే బండి. దాని మీద పళ్లికిలించుకుంటూ రేడియో.

"ఏంట్రా ఇది?"

"ఇటలీ దొరసాని బావా! ఒక డాక్టరుగారు మోజుపడి కొన్నారు. ఒకసారి ఎక్కారు, దిగాక కాళ్లు వణికాయి, అంతే, మూలన పడేశారు. ఎన్నాళ్లు వెంటపడితే ఇచ్చారో తెలుసా?"

"ఇచ్చారా? నీ వాగుడు పడలేక వదిలించుకున్నారా?"

"రెండూనూ!"

రేడియో బండి స్టాండు వేసి దాని చుట్టూ తిరుగుతూ మొదలెట్టాడు. రేసుల్లో గెలిచే బండి ఇంజను తీసి దూరప్రయాణాల బండిలో పెట్టారట. అందుకే వెనక మనిషి కూర్చోవడానికి మెత్తటి సీటు, రెండు పక్కలా బట్టలు పెట్టుకోను పెట్టెలు, ముందు గాలి కొట్టకుండా అద్దం. కానీ చెయ్యి తిప్పితే మాత్రం తన పుట్టుక మర్చిపోదట.

"ఇంతకీ ఈ కంపెనీవాళ్లు మొట్టమొదట ఏం చేసేవాళ్లో చెప్పు బావా?"

"నాకేం తెలుసు."

"రేడియోలు! రేడియో లోపల పెట్టే సామాన్లు. తండ్రి, కొడుకులు కలిసి పెట్టుకున్న కంపెనీ. నాదీ దీనిదీ ఒకటే వంశం!"

"అందుకేనా, ఆగకుండా వాగుతోంది?"

రేడియో పడీపడీ నవ్వాడు. "విను విను. తర్వాత యుద్ధమొచ్చింది. బాంబులు పడి ఫ్యాక్టరీ నేలమట్టమైంది. జనానికి తిండికే గతిలేదు, ఇక రేడియోలు ఎవడు కొంటాడు? కానీ అందరికీ సైకిళ్లున్నాయి. సైకిలుకి తగిలించుకునే బుల్లి ఇంజనొకటి చేసి అమ్మారు. దాని పేరేంటో తెలుసా? కుక్కపిల్ల!"

"కుక్కపిల్లేంట్రా?"

"దాని గొట్టంలోంచి కుయ్యికుయ్యిమని మొరిగినట్టు వచ్చేదట. ఇటలీ భాషలో కుక్కపిల్ల అన్నారు. ఆ కుక్కపిల్లే పెరిగి పెరిగి ఇదిగో, ఇదయ్యింది."

టర్నరు వంగి ఇంజను చూస్తున్నాడు. కబుర్లు ఆయన చెవికెక్కలేదు కానీ, తర్వాత రేడియో చెప్పిన ముక్క ఒకటి మాత్రం ఎక్కింది. మిగతా బళ్లలో ఇంజనులోకి గాలి వదిలే వాల్వును తెరవడానికి ఒక మీట ఉంటుంది, మూయడానికి స్ప్రింగు ఉంటుంది. వీళ్లు స్ప్రింగును నమ్మలేదు. తెరవడానికో చెయ్యి, మూయడానికో చెయ్యి పెట్టారు.

"స్ప్రింగు మీద వదలరా?" అన్నాడు టర్నరు తలెత్తి.

"వదలరు. వెంట్రుకంత తేడా రానివ్వరు."

టర్నరు తల పంకించాడు. ఆయన ఒక మనిషిని మెచ్చుకోవడమంటే అంతే. వెంటనే మొహం చిట్లించాడు. "మరి ఈ గలగలేంటి?"

"అది క్లచ్. పట్టుకుంటే అలాగే మోగుతుంది. దాని గొంతే అంత."

ఇక్కడ టర్నరు పని గురించి ఒక మాట చెప్పాలి. లేత్ పనివాళ్ల భాషలో ఆట అంటే పిల్లలాడుకునేది కాదు. ఒక ముక్కలో ఇంకో ముక్క కూర్చున్నచోట ఉండే వదులు. ఇరుసు పట్టుకుని ఊపితే కదిలిందా, "ఆట వచ్చింది" అంటారు. ఆట వచ్చిన సామాను పట్టుకుని జనం టర్నరు దగ్గరికొస్తారు. ఆయన ఇరుసుకి తొడిగే కొత్త బుష్షు కోసి, తట్టి, ఊపి చూపించి "ఆట తీసేశా, పట్టుకుపో" అంటాడు. బతుకంతా చేసిన పని అదొక్కటే. చప్పుడు చేసే యంత్రాన్ని చూస్తే, గుండీలు ఊడిన చొక్కాతో ఎవడో నడిరోడ్డు మీద నిలబడినట్టు ఆయనకు సిగ్గేసేది. తన చేతి పని కాకపోయినా సరే.

అయినా ఆ చప్పుడుకి అలవాటు పడ్డాడు. పడ్డాడని ఆయన ఒప్పుకోడు. ఆదివారం ఉదయం లేత్ వేసుకుని ఏదో పని చేస్తున్నట్టు నిలబడేవాడు. కాసేపటికి స్విచ్ కట్టేసి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఊరికే నిలబడేవాడు. సందు మొదట్లో గుర్రుగుర్రు, గుమ్మం ముందు గలగల. అప్పుడు మొహం మాడ్చుకుని బయటికొచ్చేవాడు.

"వచ్చావా! వీధి వీధంతా లేచింది."

"వాళ్లెందుకు లేవాలి, నువ్వు లేస్తే చాలు. ఎక్కు!"

వెనక సీటు మీద కూర్చునేవాడు. ఊరు దాటాక రోడ్డు ఖాళీ అయితే రేడియో చెయ్యి తిప్పేవాడు. చెట్లు, స్తంభాలు, గోడల మీద రాతలు అన్నీ ఒక్కటై వెనక్కి కారిపోయేవి. రేడియో గాలిలోకి అరుస్తూ ఏదో చెబుతూనే ఉండేవాడు. ఒక్క ముక్క వినపడేది కాదు. వినపడకపోయినా టర్నరు "ఊ" కొట్టేవాడు. భార్య పోయాక ఆయన ఇంకో మనిషి వీపుకి అంత దగ్గరగా కూర్చున్నది అక్కడే. కొండదారి మీద టీకొట్టు దగ్గర ఆగి, టీ తాగి, చీకటి పడకముందే వచ్చేసేవాళ్లు. దిగాక టర్నరు అనే మాట ప్రతిసారీ ఒకటే. "నడుం విరిగింది. ఇంకోసారి పిలవకు."

వానాకాలంలో రేడియోని కంపెనీవాళ్లు ఏదో శిక్షణకని దూరం పంపారు. బండి షెడ్డులో పెట్టి వెళ్లాడు. "చూస్తూ ఉండు బావా, ఒంటరిగా ఉంటే బెంగపెట్టుకుంటుంది" అని సీటు మీద చెయ్యేసి తట్టాడు.

ఆదివారం వచ్చింది, వాన వచ్చింది, రేడియో రాలేదు. టర్నరు షెడ్డులో కూర్చుని బండివైపు చూశాడు. ఇంకో ఆదివారం. ఆయనకు ఏదో చెయ్యాలనిపించింది. ఏదో అంటే, ఆ వెధవ కోసం. మాటలు చేతకాని మనిషి ఇంకేం చేస్తాడు? క్లచ్ మూత విప్పాడు.

ఈ బండి క్లచ్ నూనెలో మునిగి ఉండదు. బయట, గాలికి, పొడిగా ఉంటుంది. బుట్టలాంటి గుండ్రటి గిన్నె, దాని అంచుకి చీలికల్లాంటి గాళ్లు, ఆ గాళ్లలో పళ్లు పెట్టుకుని కూర్చున్న పలకలు. టర్నరు ఒక పలక పట్టుకుని ఊపాడు. టకటకా కొట్టుకుంది. గాళ్ల అంచులు అరిగి గుంటలు పడి ఉన్నాయి. ఆయన నాలుక చప్పరించాడు. వాల్వుల దగ్గర వెంట్రుకంత వదులు ఉంచని మొనగాళ్లు ఇక్కడికొచ్చేసరికి చెయ్యి వదిలేశారా? లేకపోతే మొదట్లో బిగువుగానే ఉండి, అరిగి ఇలా అయ్యిందా? అరిగే ఉంటుంది. రేడియోగాడికేం తెలుసు? గొంతు అంటాడు, వంశం అంటాడు.

మంచి అల్యూమినియం దిమ్మ తెచ్చి కొత్త బుట్ట కోశాడు. అంత ఇష్టంగా ఆయన ఏ పనీ చేసి ఎన్నేళ్లయిందో. గాళ్లు ఎంత కచ్చితంగా కోశాడంటే, పలకను బొటనవేలితో నెడితే మెత్తగా లోపలికి జారుతుంది, ఊపితే మాత్రం కదలదు. రాతిలో రాయి. పాత బుట్ట గుడ్డలో చుట్టి బల్ల కింద పడేశాడు. బండి స్టార్టు చేసి క్లచ్ పట్టుకున్నాడు.

చప్పుడు లేదు.

ఒక్కడే నవ్వుకున్నాడు.

రేడియో వచ్చిన రోజు టర్నరు గుమ్మంలోనే నిలబడ్డాడు. "బండి తియ్యి" అన్నాడు, టీ కూడా పెట్టకుండా. రేడియో స్టార్టు చేశాడు. క్లచ్ పట్టుకున్నాడు. వదిలాడు. మళ్లీ పట్టుకున్నాడు. తల పక్కకి వంచి విన్నాడు.

"ఏదీ?"

"ఏది ఏదీ?"

"చప్పుడు బావా. గలగల."

"తీసేశా." టర్నరు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "కొత్త బుట్ట కోశా. ఆట లేదు."

రేడియో మొహంలో ఏదో వచ్చి పోయింది. టర్నరు దాన్ని చూశాడు. చూసి, ఆశ్చర్యం అనుకున్నాడు.

"కొంచెం ఆట ఉండాలేమో కదా బావా? వాళ్లు కావాలనే అలా వదిలారేమో..."

"ఉండాలని ఎవడన్నాడు? నలభై ఏళ్లుగా ఆట తీస్తున్నా. ఆట ఉండాలని ఒక్కడు చెప్పలేదు నాకు."

"అది కాదు, పొడి క్లచ్ కదా, అందుకని..."

"పొడైతే? నీకు నచ్చకపోతే చెప్పు, పాతది వేసిస్తా. డబ్బాలా మోగించుకుంటూ తిరుగు."

రేడియో ఇంకో మాట అనబోయి ఆగాడు. రేడియో ఒక మాట మింగడం టర్నరు ఎప్పుడూ చూడలేదు. ఆ రోజు చూశాడు. అప్పుడే అర్థమై ఉంటే బాగుండేది. "నచ్చకపోవడమేంటి బావా, నువ్వు చేసింది! ఎక్కు, కొండ దగ్గరికి పోదాం" అన్నాడు.

"సాయంత్రానికి ఇవ్వాల్సిన ఇరుసులున్నాయి. నువ్వు పోయిరా."

రేడియో ఒక్కడే వెళ్లాడు. బండి సందు చివర ఆగింది. అక్కడెప్పుడూ ఒక్క నిమిషం గలగలమనేది. ఈసారి ఏమీ వినపడలేదు. ఎప్పుడు మలుపు తిరిగాడో కూడా టర్నరుకి తెలియలేదు.

కొండ దిగుతుంటే రైలు గేటు పడి ఉంది. ముందు లారీలు, కార్లు, సైకిళ్లు బారుగా ఆగి ఉన్నాయి. రేడియో క్లచ్ పట్టుకున్నాడు. ఇంజను చక్రాన్ని వదల్లేదు. బ్రేకు తొక్కుతున్నా అది తోస్తూనే ఉంది. ఎదురుగా ఒక సైకిలు మీద ముసలాయన. ఆయనకు తగలకుండా బండిని పక్కకి పడేశాడు. బండి రేడియో మోకాలి మీదే పడింది.

టర్నరు ఆసుపత్రికి పరుగెత్తేసరికి కాలుకి కట్టు కట్టి పడుకోబెట్టారు. పక్క మంచాలవాళ్లు అందరూ ఏదో ఒకటి మాట్లాడుతున్నారు. రేడియో ఒక్కడే పైకప్పు చూస్తున్నాడు. టర్నరు స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఎంతసేపు కూర్చున్నాడో. ఒకడు మాట్లాడలేనివాడు, ఒకడు మాట్లాడనివాడు.

చివరికి రేడియో తల తిప్పాడు.

"బాగా చేశావు బావా" అన్నాడు మెల్లగా. "చప్పుడే లేదు."

అంతే. మళ్లీ పైకప్పువైపు తిరిగాడు.

బండిని ఎవరో ట్రాలీలో వేసి షెడ్డుకి తెచ్చి దించారు. టర్నరు మూత విప్పాడు. కొండదారంతా క్లచ్ పట్టి వదిలిన వేడికి, పలకలు అరిగి రాలిన నల్లటి పొడి గాళ్ల నిండా దట్టించుకుని గట్టిపడిపోయి ఉంది. పలకలన్నీ బుట్టకి అతుక్కుని ఒకే దిమ్మ అయిపోయాయి. పాత బుట్టలో ఆ వదులు ఎందుకుందో అప్పుడు కనపడింది. ఆ పొడి రాలిపోవడానికి. పలకలు ఒకదాన్నొకటి వదలడానికి. గలగలమన్నంతసేపూ అవి విడిపోతున్నాయని అర్థం.

తను కోసిన బుట్టను సుత్తితో నాలుగు దెబ్బలు వేసి పాతసామాన్లలోకి విసిరేశాడు. బల్ల కిందనుంచి పాతది తీసి, గుడ్డ విప్పి, తుడిచి, బిగించాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ ఆ మాట ఒకటి ఆయన లోపల ముల్లులా ఉండిపోయింది. బాగా చేశావు బావా. అది దెప్పా? లేక నిజంగానే అన్నాడా, పాపం, ఏం జరిగిందో తెలియక? తెలియకపోవడమేంటి, బండి నడిపినవాడికి తెలియదా? తెలిసీ అన్నాడంటే దెప్పే. దెప్పేవాడైతే గొంతు అలా ఉంటుందా? లేత్ తిరుగుతున్నంతసేపూ ఆ మాట కూడా తిరిగేది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు. "నువ్వు అప్పుడే వద్దని గట్టిగా చెప్పి ఏడవచ్చుగా!" అని అరిచేవాడు. ఇద్దరూ అరుచుకుని, టీ తాగేవాళ్లు. రేడియోగాడు ఆ అవకాశం ఇవ్వలేదు.

మోకాలు ఇక వంగదన్నారు. కంపెనీవాళ్లు తిరిగే పని తీసేసి, వేరే ఊళ్లో ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. రేడియో వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే "బాగున్నా బావా, నువ్వు?" అంటాడు. "బాగున్నా" అంటాడు టర్నరు. తర్వాత ఇద్దరూ ఫోను పట్టుకుని ఉంటారు. టర్నరుకి మాటలు మోయడం ఎప్పుడు అలవాటు గనక? ఇన్నాళ్లూ ఇద్దరి బరువూ వాడే మోశాడు. వాడు కింద పెట్టేసరికి ఎత్తడం చేతకాలేదు.

ఒకరోజు ఫోను వచ్చింది. "బావా, పాతబళ్ల షావుకారు వస్తాడు. బండి ఇచ్చెయ్." సబ్బు కొన్న సంగతి చెప్పడానికి గంట తీసుకునే మనిషి, అంత పని అంత పొట్టిగా చెప్పాడు.

షావుకారు వచ్చాడు. పొట్ట ముందు, ఆయన వెనక. అద్దం పగిలిందన్నాడు, పెట్టె సొట్ట పడిందన్నాడు, "ఈ క్లచ్ ఏంటండీ, పళ్లూడిన ముసలామె నవ్వినట్టుంది" అన్నాడు. షావుకారు మనిషి బండి ఎక్కి సందు చివరికి పోయాడు. మలుపు దగ్గర ఆగి క్లచ్ పట్టుకున్నాడు. గలగలగల. లారీ ఒకటి దాటిపోయేదాకా మోగింది. తర్వాత ఆగిపోయింది. టర్నరు గుమ్మంలోనే నిలబడ్డాడు. తన కోసం ఇంతకాలం వస్తూ వచ్చిన చప్పుడు ఈసారి తిరిగిరాని దారిన పోయింది.

ఆ తర్వాతి ఆదివారాలు ఎలా గడిచాయో చెప్పడానికేమీ లేదు. అలవాటు కొద్దీ స్విచ్ కట్టేసేవాడు. చేతులు తుడుచుకునేవాడు. సందులో స్కూటర్లు పోయేవి, పాలవాడి సైకిలు పోయేది. మళ్లీ స్విచ్ వేసేవాడు.

ఒకరోజు బేరింగులు కొనడానికి పెద్ద రోడ్డుకి వెళ్లి, కాళ్లు లాగినవైపు పోతే, షావుకారు కొట్టు ముందు తేలాడు. ఎర్రబండికి కొత్త అద్దం వేశారు. ఎవడో కుర్రాడు దాని మీద కూర్చుని ఫోటో తీయించుకుంటున్నాడు.

"ఏం టర్నరుగారూ, కొంటారా?" అన్నాడు షావుకారు నవ్వుతూ. ఆయన ఉద్దేశంలో అది జోకు.

"ఎంత?"

షావుకారు నవ్వు ఆగిపోయింది. "మీరా? నడపడం వచ్చా?"

"రాదు."

"మరి?"

"ఎంతో చెప్పవయ్యా. పెళ్లిచూపులకి వచ్చినట్టు వివరాలన్నీ ఎందుకు నీకు?"

చెప్పాడు. రేడియోకి ఇచ్చినదానికి బాగా పైన చెప్పాడు. ఆ కుర్రాడు వారంలో డబ్బు తెస్తానన్నాడట. టర్నరు దగ్గర అంత లేదు. ఆయన దగ్గర ఉన్నది షెడ్డు, లేత్, వెనక జాగా. షెడ్డు అమ్మితే బతుకు లేదు. వెనక జాగా మీద ఆ పక్క ప్లైవుడ్ ఆసామి ఎప్పటినుంచో కన్నేసి ఉన్నాడు. ఆయన గోడౌనుకి అది అతికినట్టు సరిపోతుంది.

టర్నరు ఆలోచన చాలా సూటిగా ఉంది. బండి ఇంటికొస్తే రేడియో ఇంటికొస్తాడు. కాలు వంగకపోతే పోనీ. వచ్చి కిటికీ గట్టు మీద కాకపోతే కింద షెడ్డులో బల్ల మీద కూర్చుంటాడు. బండిని చూస్తాడు, పాత చప్పుడు వింటాడు, తిడతాడు. తిడితే తనకీ మాట వస్తుంది. అంతకుమించి ఆయన ఆలోచించలేదు.

"గది వేసుకుంటానంటిరిగా అక్కడ?" అన్నాడు ప్లైవుడ్ ఆసామి కాగితాల మీద సంతకం పెట్టించుకుంటూ.

"ఎవరికి?" అన్నాడు టర్నరు.

బండి షెడ్డుకి వచ్చిన వారానికే వెనక పునాదులు తవ్వారు. బావి పూడ్చేశారు. ఇటుక గోడ లేస్తుంటే టర్నరు అటు తిరగలేదు. షెడ్డులో లేత్‌కీ గోడకీ మధ్య ఉన్న ఖాళీ అంతా బండే ఆక్రమించింది. పక్కగా నడవాలంటే పొట్ట లోపలికి పీల్చుకోవాలి. ఆదివారం ఉదయం తలుపులు బార్లా తీసి, ఇంజను వేడెక్కనిచ్చి, ఫోను తీశాడు.

"బావా?" అన్నాడు రేడియో అవతల. "ఏంటి పొద్దున్నే?"

టర్నరు క్లచ్ పట్టుకుని ఫోను ఇంజను దగ్గర పెట్టాడు. గలగలగలగల. చెయ్యి నొప్పి పుట్టేదాకా అలాగే ఉంచాడు. తర్వాత ఇంజను కట్టేసి ఫోను చెవికి ఆనించుకున్నాడు. అవతల ఊపిరి వినపడుతోంది.

"అది... మనదేనా?"

"మనదే."

"పాత బుట్టే వేశావా?"

"అదే."

"ఆట ఎంతుంది బావా?"

"బోలెడుంది."

రేడియో నవ్వాడు. ఎన్నాళ్లకో. అంతే, గండి పడింది. ఆఫీసు గురించి, అక్కడి మేనేజరు విగ్గు గురించి, ఆ విగ్గు ఫ్యానుకి తిరగబడిన సంగతి గురించి, తన అద్దె గది గురించి చెప్పుకుపోయాడు. టర్నరు కళ్లు మూసుకుని "ఊ" కొట్టాడు. బండి వెనక సీటు మీద కూర్చున్నట్టే ఉంది.

"మూడో అంతస్తు బావా. మెట్లెక్కి పైకి పోయేసరికి ప్రాణం పోతోంది. ఒకసారి ఎక్కానా, మళ్లీ తెల్లారేదాకా దిగను. కిందనుంచి మాటలు వినపడుతుంటాయి, పోవాలనుంటుంది, పోలేను. మాట్లాడ్డానికి మనిషి లేకుండా నేను బతికి ఉన్నానంటే నువ్వు నమ్ముతావా?"

"నమ్మను."

"అదే! అందుకే ఈ ఉద్యోగం ఇక చాలనుకుంటున్నా. నీకు ఎలా చెప్పాలా అని చాలా రోజుల్నుంచి... కోపంగా ఉన్నావేమో అని..."

"కోపమా? నాకా?"

"నేను ఆ బుట్ట సంగతి ముందే గట్టిగా చెప్పాల్సింది బావా. నువ్వు ఎంత సంబరంగా నిలబడ్డావో గుమ్మంలో. నోరు రాలేదు." రేడియో మాట మార్చాడు. "సరే ఇదిగాదు. అక్క అంటుండేది చూడు, వెనక జాగాలో గది. నేలమీదే కదా అది? మెట్లేం ఉండవుగా? నా దగ్గర కొంచెం ఉంది. రేకులేసినా చాలు నాకు. ఏమంటావు?"

టర్నరు వెనక గోడవైపు చూశాడు. దాని అవతల ప్లైవుడ్ పలకలు దించుతున్న చప్పుడు, ఒకదాని మీద ఒకటి దబ్బు దబ్బుమని.

"బావా? ఉన్నావా?"

"అమ్మేశాను."

"ఏది?"

"వెనక జాగా."

"అమ్మేశావా? దేనికి?"

"బండికి."

టర్నరు షెడ్డులో మంచం వేస్తానందామనుకున్నాడు. చుట్టూ చూశాడు. మంచం పట్టేచోట బండి ఉంది. బండి తీసేస్తే... షావుకారు మళ్లీ సగానికి అడుగుతాడు, ఆ సగం పట్టుకుపోయినా ప్లైవుడ్ ఆసామి కట్టిన గోడ కూల్చడు. ఇవన్నీ ఆయన తలలో గిర్రున తిరిగాయి. నోట్లోంచి ఒక్కటీ రాలేదు. తిట్టరా, అనుకున్నాడు. ఇప్పుడైనా తిట్టు.

"బాగా చేశావు బావా" అన్నాడు రేడియో.

అదే గొంతు. ఆసుపత్రిలో అన్నదే. దెప్పో, ప్రేమో, అప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియలేదు.

"నాకిక్కడ బాగానే ఉందిలే. ఉంటాను మరి" అని ఫోను పెట్టేశాడు.

ఇప్పటికీ ఆదివారం ఉదయం ఆ సందులోవాళ్లకి గలగల వినపడుతుంది. ఎవరో వచ్చారనుకుని కొత్తవాళ్లు తొంగిచూస్తారు. ఎవరూ రారు. లోపల టర్నరు కదలని బండి పక్కన నిలబడి క్లచ్ పట్టుకుని ఉంటాడు. నడపడం రాని బండి ఎంతపెట్టి కొన్నావని ఎవరైనా అడిగితే ఆయన డబ్బు లెక్క చెప్పడు. గొంతు సవరించుకుని జాగా అమ్మిన కాగితంలో రాసినట్టే చెబుతాడు: తూర్పు పడమరలు ముప్పై ఆరడుగులు, ఉత్తర దక్షిణాలు ఇరవై రెండున్నర, బావితో సహా.